నికోటిన్ గారికి సన్మాన పత్రం

దళారీ శిఖామణీ!

పొగాకు మొక్క వేళ్లలో పుట్టి, కాండం మీదుగా ఆకులోకి కాపురానికొచ్చి, ప్రకాశం జిల్లా బ్యారన్లలో సెగకు కాగి, టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో పాట పాడించుకుని, కాగితం చుట్టుకుని పెట్టెలో పడుకుని, చివరికి ఒక్క దమ్ముతో 10 నుంచి 20 సెకన్లలో మనిషి మెదడుకు చేరుకునే తమరికి మా సన్మాన సంఘం తరఫున శతకోటి నమస్కారాలు. ఏ ఆఫీసులోనూ ఏ కాగితమూ ఇంత వేగంగా కదిలిన దాఖలా మాకు తెలియదు.

ఇంతకాలం జనం తమరిని అపార్థం చేసుకున్నారు. సిగరెట్ తాగి పోయినవాడి శవం పక్కన నిలబడి, అంతా నికోటిన్ వల్లే అని తమరి మీద నింద వేశారు. తమరి పక్షాన సాక్ష్యం చెప్పడానికి బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ రసెల్ ఉన్నాడు. జనం పొగ తాగేది నికోటిన్ కోసం, ప్రాణాలు పోయేది తారు వల్ల అని 1976లోనే తేల్చేశాడాయన. పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో క్యాన్సర్ తెప్పించేవి 70 దాకా ఉన్నాయి. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద తను కూర్చునే కార్బన్ మోనాక్సైడ్ ఉంది. హత్యలు చేసేది ఆ ముఠా. తమరు చేసేదల్లా పార్టీని తీసుకొచ్చి వాళ్లకు అప్పగించడం, గంటకో రెండు గంటలకో మళ్లీ తీసుకురావడం. దళారి చేతికి నెత్తురంటదు, కమీషన్ మాత్రం ఆగదు.

అలాగని తమరు బొత్తిగా సాధువులని మేమనం. గుండె వేగం పెంచుతారు, రక్తపోటు ఎక్కిస్తారు, కడుపులో ఉన్న బిడ్డనూ వదలరు. ఎదుగుతున్న మెదడంటే తమరికి మరీ మక్కువ. ఒకప్పుడు తమరిని నీళ్లలో కలిపి చేల మీద పురుగుమందుగా కొట్టేవారు. ఆ పని చాలావరకు పోయాక పూర్తికాలం మనుషుల సేవకే అంకితమయ్యారు.

తమరి వ్యాపార కిటుకు తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. మెదడులో అసిటైల్‌కోలిన్ కోసం ఉన్న తలుపులు తోసుకుని లోపలికెళతారు. డోపమైన్ పంచిపెడతారు. ఇంకో రెండు గంటలకు రక్తంలో తమరి నిల్వ సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలవుతుంది చిరాకు. ఫైలు మీద మనసు నిలవదు, భార్య మాట చెవికెక్కదు, బాసు మొహం చూడబుద్ధి కాదు. కిళ్లీకొట్టు దాకా నడిచి ఒకటి వెలిగించగానే ప్రపంచమంతా సర్దుకుంటుంది. చిరాకు తెచ్చిందీ తమరే, తీసిందీ తమరే, మధ్యలో డబ్బు కట్టింది మావాడు. దీనికి వాడు పెట్టుకున్న పేరు టెన్షన్ రిలీఫ్. రాత్రంతా నిద్రలో నిల్వ ఖాళీ అవుతుంది కాబట్టే పొద్దున్నే పళ్లు తోమకముందే తమరి దర్శనానికి పరుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే అవ్వలను చూడండి. తమరి కోసం చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. అంగిలి కాలినా తమరి మీద భక్తి చల్లారదు.

మందు వేషధారీ!

1560 ప్రాంతంలో లిస్బన్‌లో ఫ్రాన్స్ రాయబారిగా ఉన్న ఝాన్ నికో, పొగాకు దివ్యౌషధమని ఫ్రాన్స్ రాజమాత కేథరిన్ ద మెడిచికి పంపించాడు. ఆయన పేరే తమరికి దక్కింది. ఆ దర్బారులో తమరు అడుగు పెట్టిందే మందు వేషంలో. నాలుగున్నర శతాబ్దాలు గడిచినా ఆ వేషానికి గిరాకీ తగ్గలేదు. కాకపోతే అప్పుడు తలనొప్పికి మందు, ఇప్పుడు తమరి అలవాటుకే తమరు మందు.

2003లో చైనా ఫార్మసిస్ట్ హోన్ లిక్ తమరికి బ్యాటరీ అమర్చాడు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, కాస్త సువాసన, వాటి మధ్యలో తమరు. వేడి చేస్తే ఆవిరి వస్తుంది, పీల్చుకోవడమే. దీన్నే ఈ-సిగరెట్ అనీ, వేప్ అనీ అంటారు. ఆకు కాలదు కనుక తారు లేదు, మోనాక్సైడ్ లేదు. ముఠాను ఇంటికి పంపి దళారిని మాత్రం ఉంచుకున్నారన్నమాట. సన్మాన పత్రంలో నిజాలు రాయకూడదనే ఆచారాన్ని ఇక్కడ ఒక పేరా మేరకు పక్కన పెడుతున్నాం, క్షమించాలి.

సిగరెట్ కంటే వేప్ తక్కువ ప్రమాదకరమన్నది నిజం. ప్రమాదం లేనిదన్నది అబద్ధం. ఆ ఆవిరిలో సన్నటి రేణువులుంటాయి, కాయిల్ నుంచి రాలిన లోహాలుంటాయి, వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ కూడా పుడుతుంది. పైగా అది పుట్టి ఇరవయ్యేళ్లు దాటిందంతే. నలభై ఏళ్లు పీల్చినవాడి ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూపించడానికి అలాంటివాడు ఇంకా తయారు కాలేదు. బ్రిటన్‌లో 886 మంది పొగరాయుళ్ల మీద జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ఏడాది తర్వాత సిగరెట్ మానేసి ఉన్నవాళ్లు వేప్ తీసుకున్న జట్టులో 18 శాతం, నికోటిన్ గమ్ములూ పట్టీలూ వాడిన జట్టులో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. వేప్ కంపెనీలవాళ్లు లెక్క ఇక్కడిదాకా చదివి కాగితం మడిచేస్తారు. కింది వరుస మేం చదువుతాం. అలా మానేసినవాళ్లలో ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూ ఉన్నవాళ్లు 80 శాతం. రెండో జట్టులో మానేసినవాళ్లలో ఇంకా గమ్మో పట్టీయో వదలనివాళ్లు 9 శాతం. మనిషికి ఊపిరితిత్తులు దక్కాయి, తమరికి మనిషి దక్కాడు. ఉభయతారకం!

ద్విపాత్రాభినయ చక్రవర్తీ!

ఒకే సినిమాలో విలన్‌గానూ హీరోగానూ తమరే. పంపిణీదారులు మాత్రం మారరు. మార్ల్‌బరో సిగరెట్ల ఆల్ట్రియా 2018 డిసెంబర్‌లో జూల్ అనే వేప్ కంపెనీలో 35 శాతం వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. సిగరెట్ మాన్పిస్తామనేవాళ్లలో సిగరెట్ అమ్మేవాళ్లు అంత డబ్బు ఎందుకు పెట్టారని అడిగేవాడు అమాయకుడు. దుకాణం ఏదైనా గల్లా ఒకటేనని వాళ్లకు తెలుసు. 2021లో ఫిలిప్ మోరిస్ ఇంకో మెట్టు ఎక్కి, ఆస్తమా ఇన్‌హేలర్ల పని చేసే వెక్చురా కంపెనీనే కొనేసింది. ముందు దమ్ము కొట్టించి, తర్వాత దమ్ము అందనివాడికి గొట్టం అందించడం! ఊపిరి లోపలికి పోయినా బయటికి వచ్చినా బిల్లు పడాల్సిందే.

మనవాళ్లు మాత్రం తక్కువా? ఐటీసీ సిగరెట్లతోపాటు నికోటిన్ గమ్మునూ బజారుకు తెచ్చింది. దాని అనుబంధ సంస్థ మైసూరు దగ్గర తమరిని శుద్ధి చేసి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ పెట్టింది. వేప్ ఇక్కడ నేరం, అందులో పోయగల సరుకు మాత్రం ఎగుమతి ఆదాయం.

యువజన హృదయేశ్వరా!

పూర్వం తొలి సిగరెట్ తాగిన కుర్రాడికి గొంతు మండేది, కళ్లలో నీళ్లు తిరిగేవి, దగ్గుతో ఇంట్లో దొరికిపోయేవాడు. ఆ మంట పుణ్యాన కొంతమందైనా వెనక్కి తిరిగేవారు. జూల్‌వాళ్లు బెంజోయిక్ ఆమ్లం చేర్చి తమరిని లవణంగా మార్చి ఆ మంటను తీసేశారు. పైన మామిడి, పుదీనా వాసనలు చల్లారు. 2019 వచ్చేసరికి అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్లు పీలుస్తున్నారని అక్కడి ప్రభుత్వ సర్వే తేల్చింది. సిగరెట్ మాన్పించే యంత్రం సిగరెట్ ఎన్నడూ ముట్టని పిల్లల జేబుల్లోకి చేరింది! పెళ్లికాని పిల్లలకు విడాకులు ఇప్పించినట్టుంది వ్యవహారం. చుట్ట కాల్చబట్టే దొరలు గొప్పవాళ్లయ్యారని శిష్యుడికి నూరిపోసిన ‘కన్యాశుల్కం’ గిరీశం ఈనాడుంటే రీల్స్ చేసుకుంటూ నాలుగు రాళ్లు వెనకేసుకునేవాడు.

రాజపూజితా!

తమరికి జరిగిన ప్రభుత్వ మర్యాదలు చెప్పకపోతే ఈ పత్రం అసంపూర్ణం. 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఈ-సిగరెట్లను నిషేధించింది. తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రకటన, ఏది చేసినా మొదటి నేరానికి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ప్రజారోగ్యం గురించిన ఆ శుభవార్త చెప్పింది ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. ఆ రోజు సిగరెట్ కంపెనీల షేర్లు ప్రజారోగ్యం మీద మమకారంతో పైకి లేచాయి. పిల్లలను కాపాడటానికే నిషేధమన్నారు, ఆ భయం నిజమే. అదే పిల్లలు చదివే బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టముంది. ఆ వంద గజాలు కొలిచే టేపు మాత్రం ఇంకా దొరకలేదు. పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ ఉండాలని నియమం. మావాడు లూజుగా ఒకటి కొనుక్కుంటాడు, బొమ్మ పాన్‌డబ్బావాడికే మిగిలిపోతుంది.

ఐటీసీలో ఎల్‌ఐసీ వాటా 15 శాతం పైచిలుకు. యూటీఐ నాటి ప్రత్యేక సంస్థ పేరిట కేంద్రానికి ఇంకో 8 శాతం దగ్గర్లో. ప్రాణానికి బీమా చేసే సంస్థకు ప్రాణం తీసే సరుకులో వాటా! మనిషి బతికుంటే ప్రీమియం, పొగ తాగితే డివిడెండ్, ఎటు తిరిగినా సంస్థకు ఢోకా లేదు. వాణిజ్య శాఖ కింద గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు పొగాకును పెంచి అమ్మే మార్గాలు చూస్తుంది. ఆరోగ్య శాఖ మాన్పించే మార్గాలు చూస్తుంది. రెండు శాఖలకూ జీతాలిచ్చే ఖజానా ఒక్కటే. 2025లో నల్లబర్లీ పొగాకు కొనే నాథుడు లేక బాపట్ల, పల్నాడు రైతులు గగ్గోలు పెడితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొన్నది. రైతును అనడానికి మాకు నోరు రాదు. ఇంకో పంటకు నమ్మకమైన ధర ఇస్తే వాడెందుకు వేస్తాడు? ఆ ధర ఇవ్వనంతకాలం తమరి వంశానికి లోటు లేదు.

అదే 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మండలి బీడీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గించాలని తీర్మానించింది. దేశంలో సిగరెట్ తాగేవాళ్లకు దాదాపు రెట్టింపు మంది బీడీ తాగుతారు. నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి ఎంత పెరగాలో మాత్రం ఆ మండలి చెప్పలేదు. పేదవాడి చావు మరీ ఖరీదు కాకూడదని కాబోలు!

బ్రిటన్ దారి వేరు. 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు ఉచితంగా వేప్‌లు ఇస్తామన్నది. వాడి పారేసే రకాలకు పిల్లలు ఎగబడుతుంటే 2025 జూన్‌లో ఆ రకాలను నిషేధించింది. అక్కడ మిల్లీలీటరుకు తమరు 20 మిల్లీగ్రాములు మించకూడదు. మన దగ్గర పరిమితీ లేదు, పరీక్షా లేదు, నిషేధమే ఉంది. అందుకే హైదరాబాద్‌లో దొంగచాటుగా దొరికే వేప్‌లో తమరెంతున్నారో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు, పట్టుకున్న పోలీసుకూ తెలియదు.

శత్రుభయంకరా!

అయినా తమరు ఏమరుపాటుగా ఉండకూడదు. శత్రువులున్నారు. మానేసిన తర్వాత మొదటి కొద్ది రోజులే నరకమనీ, మూడు నాలుగు వారాల్లో ఆ బాధ చాలామటుకు తగ్గుతుందనీ జనానికి తెలిసిపోయే ప్రమాదముంది. 2 మిల్లీగ్రాముల గమ్ము చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదనీ, కాస్త నమిలి చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలనీ, టీ కాఫీలు తాగిన పావుగంట దాకా జోలికెళ్లకూడదనీ తెలిస్తే అది పనిచేయడం మొదలెడుతుంది. మావాడు టీ తాగుతూ పరపరా నమిలి, దీంతో ఏమీ కాదని తీర్పు చెప్పినంతకాలం తమరు క్షేమం. మూడు నెలల్లో మోతాదు తగ్గించుకుంటూ పోతే గమ్ములోని తమరు కూడా బయటికి నడవాల్సి వస్తుంది. వేప్‌తో మానే దేశాల్లోనూ సూత్రం అదే, బలం తగ్గించుకుంటూ పోయి దాన్నీ వదిలేయాలి. ఆ చివరి మాట ఏ ప్రకటనలోనూ ఉండదు, వ్యాపారం నడిచేది ఆ మాట చెప్పకపోవడంతోనే. డాక్టర్ రాసే వరెనిక్లిన్ లాంటి మాత్రలైతే తమరి తలుపులనే ఆక్రమిస్తాయి. 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరును కూడా పెట్టె మీద అచ్చేయిస్తున్నారు. లూజు అమ్మకాల చలవ వల్ల దాన్ని చదివేవాళ్లు తక్కువ, కాబట్టి లూజు అమ్మకాలను కాపాడుకోవడం తమరి తక్షణ కర్తవ్యం.

దేశంలో ఏటా పొగాకు వల్ల 13 లక్షలకు పైగా ప్రాణాలు పోతున్నా తమరి కీర్తికి మచ్చ పడలేదు. ఆ కీర్తి ఇలాగే వర్ధిల్లాలని కోరుతూ, ఈ శాలువా, ఈ జ్ఞాపిక సమర్పించుకుంటున్నాం.

ఇట్లు
సన్మాన సంఘ సభ్యులు: సిగరెట్ కంపెనీ, వేప్ కంపెనీ, గమ్ము కంపెనీ, షేర్లున్న సర్కారు.

గమనిక: సభ ఖర్చంతా దేశంలోని దాదాపు 10 కోట్ల మంది పొగరాయుళ్ల చందాలతో జరిగింది. రోజూ కడుతున్నా ఒక్కరూ రసీదు అడగలేదు. వాళ్లు కట్టడం మానేస్తే వచ్చే ఏడాది సన్మానానికి శాలువా కాదు కదా, దండకు కూడా డబ్బులుండవు. దయచేసి ఈ సంగతి వాళ్ల చెవిన వేయకండి.