పిల్లి లేస్తే ఇల్లు లేవాలి

"తెల్లారుజాము నాలుక్కే మా పిల్లి గుండెలమీదెక్కి తొక్కుతోంది, ఏం చెయ్యాలి?" హోసూరులో పిల్లిని పెంచుకునేవాళ్లు ఎవరు కనబడ్డా నన్నడిగేది ఇదే. ఇన్నేళ్లుగా నా జవాబు మారలేదు. లేవండి.

పడకగది తలుపు వేసుకోండి, దిండు చెవులమీద అదుముకోండి, రెండు వారాలు పట్టించుకోకపోతే అదే ఊరుకుంటుంది అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఊరుకునే మాట నిజమే కావచ్చు. అయినా ఆ సలహా పాటించకండి. నేను పాటించి చూశాను. ఏమైందో ముందు అది చెప్పాలి.

మా రాగి మగపిల్లి. ఒళ్లంతా రాగిచెంబు రంగు, అందుకే ఆ పేరు. నాలుగు గంటలకల్లా వచ్చి, ముందు చెవి దగ్గర గుర్రుమని, తర్వాత గడ్డాన్ని పాదంతో తట్టి, అప్పటికీ లేవకపోతే ఒక్క కూత పెట్టేది. ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఓ రాత్రినుంచి దాన్ని హాల్లోనే ఉంచి గడియ పెట్టుకున్నాం. పది రాత్రులు తలుపు గీకింది. పదకొండో రాత్రి గీకలేదు, దూరంనుంచి అరిచింది. మా ఆవిడ లేచి కూర్చుని, "ఏమండీ, ఈ అరుపు వేరేగా ఉంది" అంది. పట్టించుకోవద్దన్నారుగా అని నేనే ఆపాను. ఆరింటికి తలుపు తీస్తే రాగి ఇసుక డబ్బాలో వంగి కూర్చుని ముక్కుతోంది. ఇసుక పొడిగా ఉంది, ఒక్క చుక్క తడి లేదు. మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోతుంది. అత్తిబెలె దాటి బెంగళూరు తీసుకెళ్లి గొట్టం వేయిస్తేగానీ బతకలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు మాతో ఉంది. ఇల్లు చేరిన రోజే వడ్రంగిని పిలిపించి పడకగది గడియ ఊడబీకించాను. ఆ నాలుగు మేకుల గుంతలు ఇప్పటికీ పూడ్చలేదు. మీరు చెయ్యాల్సిన మొదటి పని కూడా అదే. గడియ తీసేయండి.

పిల్లి అరుపు గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా అరుదు. అది కూన తల్లిని పిలిచే పిలుపు. మనుషుల ఇళ్లలో పెరిగిన పిల్లి పెద్దదయ్యాక కూడా ఆ పిలుపును మనకోసం అట్టిపెట్టుకుంటుంది. గుండెలమీద పాదాలతో తొక్కడమూ అంతే, పాలు తాగేటప్పుడు కూన తల్లి పొట్టను తొక్కే తొక్కుడు. తల్లిమీదే భారం వేసే ఈ తీరునే మన వైష్ణవులు మార్జాల కిశోర న్యాయం అంటారు. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకోవాలి. పిల్లికూన ఏమీ చెయ్యనక్కర్లేదు, తల్లే వచ్చి నోట కరుచుకుపోతుంది. వైష్ణవుల్లో తెన్‌కలై శాఖవారు శరణాగతికి చెప్పే ఉపమానం ఇదే. నాలుగింటికి మీ పిల్లి మిమ్మల్ని ఏ స్థానంలో నిలబెట్టి పిలుస్తోందో దీన్నిబట్టి ఆలోచించండి. పిలిస్తే పలకని తల్లి అనిపించుకోవడం నాకైతే ఇష్టం లేదు.

ఇక ఆ గంట సంగతి. పిల్లిది పగటి బతుకూ కాదు, అచ్చంగా రాత్రి బతుకూ కాదు. సంధ్యల జీవి. పొద్దుగూకేటప్పుడు, పొద్దు పొడిచే ముందు దానికి చురుకు. మిగతా రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. మనకు కావలసిన వెలుగులో ఆరో వంతుంటే దానికి చూపు ఆనుతుంది. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండి, వచ్చిన వెలుగును రెండోసారి వాడుకుంటుంది. ధాన్యం కొట్లకు ఎలుకలు, ఎలుకలకోసం అడవిపిల్లులు వచ్చిన కాలంనుంచీ దానిది ఇదే వేళ. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల కిందట ఒక మనిషిని, పక్కనే ఒక పిల్లిని పాతిపెట్టిన గుంత బయటపడిందని 2004లో ప్రకటించారు. అంత పాత స్నేహంలో గంటలు మార్చుకోవాల్సింది కొత్తగా వచ్చిన కరెంటు దీపం కింద పడుకునే మనమే.

మన పెద్దలు బ్రహ్మముహూర్తం అన్నది కూడా దాదాపు ఈ వేళే. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుంటుంది. హోసూరులో జూన్ నెలలో నాలుగుంపావు దాటగానే, జనవరిలో ఐదు దాటాక. మా పిల్లి ఏ పంచాంగం చూడకుండానే ఈ వేళకు ముందే లేస్తుంది. ధనుర్మాసంలో చలికి వణుకుతూ కోవెలకు లేచేవాళ్లు మిగతా పదకొండు నెలలు పిల్లికోసం లేవలేరా?

"నిద్ర చెడుతుంది, పనికి పోవాలి" అంటారు. హోసూరువాళ్లు అనాల్సిన మాటేనా ఇది? సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చినప్పట్నుంచీ, లేలాండ్, టీవీఎస్, టైటాన్ కంపెనీలు వచ్చినప్పట్నుంచీ ఈ ఊరు మూడు షిఫ్టుల్లో బతుకుతోంది. నేను ఇరవై ఆరేళ్లు వారం వారం నిద్రవేళ మార్చుకుంటూ పనిచేశాను. ఒక వారం పొద్దున ఐదుకు బస్సు, ఇంకో వారం రాత్రంతా మిషను ముందు. మిషను కోసం ఒళ్లు వంగింది, పిల్లి కోసం వంగదా? ఊరు దాటి చూడండి. పట్టుపురుగుల షెడ్డుల్లో నాలుగో జ్వరం, అంటే పురుగు నాలుగోసారి పొర విడిచే దశ, దాటిందంటే ఇంటిల్లిపాదికీ నిద్ర కరువే. పురుగు వానచప్పుడులా ఆకు నములుతూ ఉంటే రాత్రి మేపు వేసిగానీ ఎవరూ నడుం వాల్చరు. తళ్ళి, జవళగిరి, డెంకణికోట వైపు రాగి చేలు పండే కాలంలో ఏనుగులు దిగుతాయని మంచెలమీద జాగారం చేసే రైతులున్నారు. హోసూరు చుట్టుపక్కల ఉన్న మా మొరసునాడుకు రాత్రి మేలుకోవడం కొత్తేమీ కాదు.

మా అవ్వ కాలంలో ఇంట్లో రాగుల పాతర ఉండేది, దానికి పిల్లే కావలి. తెల్లారుజామున అది వచ్చి కాళ్లకు రాసుకుంటే నేను కసిరాను. అవ్వ ఊరుకోలేదు. "రేయంతా మేలుకోని మన గింజలు కాసింది గదప్పా, దానికి కూడు పెట్టకుండా నువ్వెట్ల పండుకుంటావు?" అంది. మాకిప్పుడు పాతర లేదు, ఇరవై కిలోల బియ్యం సంచి ఉంది. అవ్వ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కాబట్టి నిద్రను రెండు ముక్కలు చేసుకోండి. ఇది నా కల్పన కాదు. పారిశ్రామిక యుగానికి ముందు యూరపులో జనం మొదటి నిద్ర, రెండో నిద్ర అని రెండు విడతలుగా పడుకునేవారని చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ పాత రాతల్లోంచి వెలికితీశాడు. మీరు తొమ్మిదికే దీపాలార్పేయండి. మూడూ యాభైకి అలారం పెట్టుకోండి. పిల్లి పిలిచాక లేవడం ఆలస్యం కిందే లెక్క. అది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మీరు గిన్నె కడుగుతూ కనిపించాలి. మళ్లీ ఐదున్నరకు ఒక కునుకు తీయవచ్చు. సీరియల్స్, ఫోన్లు, రాత్రి పది దాటాక వచ్చే చుట్టాలు, ఇవన్నీ వదులుకోవలసి వస్తుంది. వదులుకోండి.

ఆ వేళ ఏం పెట్టాలి? పాలు పెట్టకండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలగిన్నె చూసి పారిపోయిందని చిన్నప్పుడు నవ్వుకున్నాం. మరిగే పాలకు మూతి కాలినందుకు దానిమీద జాలిపడదాం గానీ, పాలు వదిలినందుకు దానికి నష్టమేమీ లేదు. పెరుగన్నం పెట్టి ఊరుకోవడమూ తప్పే. టారిన్ అనే పదార్థం పిల్లికి ముఖ్యంగా మాంసంనుంచే అందాలి, అది లేకపోతే కళ్లూ గుండే దెబ్బతింటాయి. అన్ని పోషకాలూ కలిపిన పిల్లి మేత ఉండాలి, దాంతోపాటు ఉప్పూకారం తగలకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిముక్క. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. కృష్ణగిరి డ్యాం దగ్గర మసాలా పట్టించి వేయించే చేప మీకెంత ఇష్టమైనా దానికి పెట్టకండి.

మంచం దానిది. ఇక్కడ చాలామంది గొడవపడతారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మార్గశిరం రాగానే రాత్రి గచ్చు మంచుగడ్డలా ఉంటుంది. పిల్లి ఒంటికి 30 నుంచి 38 డిగ్రీల వెచ్చదనం హాయి. ఆ వెచ్చదనం ఇంట్లో ఇంకెక్కడుంది? మీ మోకాళ్ల వంపులో ఉంది. అక్కడ చుట్టుకున్నాక కాలు కదపకండి. తిమ్మిరెక్కితే వేళ్లు మెల్లగా ఆడించండి, మడమ ఎత్తొద్దు. మంచం తూర్పు కిటికీ పక్కకు జరపండి, తొలివెలుగు దానికి ముందు తగలాలి. దోమతెర గోళ్లకు చిక్కుకుంటుంది, తీసేసి కిటికీలకే జాలీ కొట్టించండి. జంట మంచం చాలకపోతే మీలో ఒకరు చాప వేసుకోండి. మా ఇంట్లో నేనే వేసుకుంటాను.

పడుకోబోయే ముందు పావుగంట ఆడించండి. కొబ్బరి చీపురుపుల్ల చివర గుడ్డపీలిక కట్టి గచ్చుమీద ఎలుకలా పాకించాలి. వేటాడ్డం, తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్రపోవడం, దాని దినచర్య ఈ వరసలోనే సాగుతుంది. ఆట అయ్యాక పీలికలూ దారాలూ దాచేయండి, మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి.

ఎంత అరిచినా ఒక్క కోరిక మాత్రం తీర్చకండి. రాత్రి బయటికి వదలొద్దు. కుక్కల గుంపులున్నాయి, నిద్రపోని 44వ నంబరు హైవే ఉంది, అడవి పక్క ఊళ్లలో చిరుత కూడా ఉంది. ఐదారు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తోడుకోసం అరిచే అరుపులు చాలావరకు తగ్గిపోతాయి. పదేళ్లు దాటిన పిల్లి ఉన్నట్టుండి రాత్రుళ్లు ఊళపెడుతుంటే థైరాయిడో, రక్తపోటో, మతిమరుపో కావచ్చు. డాక్టరుకు చూపించాలి. ఏ అరుపు ఏమిటో తెలియాలంటే రోజూ లేచి వింటూ ఉండాలి. పడుకుని విన్నవాడికి అన్నీ ఒక్కలాగే వినబడతాయి. నాకు ఆ పదకొండో రాత్రి అలాగే వినబడింది.

ఇప్పుడున్నది చిట్టి, బూడిదరంగు ఆడపిల్లి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పాలవాడితో కన్నడం. పిల్లి అన్నా పూనై అన్నా బెక్కు అన్నా తిరిగి చూస్తుంది. నాలుగింటికి తింటుంది, పదినిమిషాలు మూతి తుడుచుకుంటుంది. అప్పటికి మా అబ్బాయి పొద్దుటి షిఫ్టుకు లేస్తాడు. ఐదుంపావుకు కంపెనీ బస్సు హారన్ వినబడే వేళకు చిట్టి వాడి ఇస్త్రీ చొక్కామీద చుట్టచుట్టుకుని నిద్రపోతూ ఉంటుంది. మీ ఇంట్లోనూ అలాగే జరిగితే ఆ చొక్కా లాగకండి. రెండోది రాత్రే ఇస్త్రీ చేసి, తలుపు వెనక తగిలించి ఉంచుకోండి.