ఒక బీబీసీ మైక్రో ఆత్మకథ

బడికి వచ్చిన యంత్రం తన కథను ప్రథమ పురుషలో చెప్పుకోవడమే ఉచితం. దాన్ని ఏ గదిలో పెట్టాలి, ఎవరు తాకాలి, వారానికి ఎన్ని పీరియడ్లు నడపాలి, చెడిపోతే ఎవరికి కబురు చేయాలి అన్నవన్నీ ఇతరులు తీసుకునే నిర్ణయాలే తప్ప దాని చేతిలో ఉన్నవి కావు. ఈ నిర్ణయాలను ముందుగానే ఆలోచించి, వాటికి కావలసిన డబ్బును, మనుషులను, వేళలను కేటాయించడాన్ని విద్యారంగంలో సాంకేతిక ప్రణాళిక అంటారు. ఆ ప్రణాళికను భుజాన వేసుకొని, అధికారులు మారినా పథకాల పేర్లు మారినా అది ఆగిపోకుండా చూసే పనిని సాంకేతిక నాయకత్వం అంటారు. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది బీబీసీ మైక్రో అనే కంప్యూటర్. 1980ల నడుమ బ్రిటన్ నుంచి బయలుదేరి కోస్తా ఆంధ్రలోని ఒక ఉన్నత పాఠశాలకు చేరిన ఈ యంత్రానికి ఆ రెండు మాటలూ పుస్తకంలో చదివినవి కావు, ఒంటి మీదుగా నడిచినవి.

ఈ జాతి పుట్టుకకు మూలం టెలివిజన్. మైక్రోప్రాసెసర్ అనే చిన్న సిలికాన్ బిళ్ళ వల్ల ఉద్యోగాలూ పరిశ్రమలూ ఎలా తారుమారు కాబోతున్నాయో చూపుతూ 1978లో బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ బ్రిటన్‌ను కలవరపెట్టింది. జనానికి కంప్యూటర్ నేర్పాలని పూనుకున్న ఆ సంస్థ, పాఠాలు ప్రసారం చేసి ఊరుకోకుండా, ఆ పాఠాలను ఇంట్లోనూ బడిలోనూ స్వయంగా చేసి చూసుకోవడానికి వాటికి సరిపడే యంత్రం ఒకటి ఉండి తీరాలని నిశ్చయించింది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే చిన్న సంస్థకు ఆ పని దక్కగా, స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్ వంటి యువ నిపుణుల చేతుల్లో 1981 డిసెంబరు నాటికి యంత్రం తయారైంది. 1982 జనవరిలో పాఠాల ప్రసారం మొదలైంది. సరిగ్గా ఆ కాలంలోనే బ్రిటిష్ పరిశ్రమల శాఖ సెకండరీ పాఠశాలలు కొనే కంప్యూటరు ధరలో సగం తాను భరించే పథకం పెట్టింది. విద్యాశాఖ పక్షాన రిచర్డ్ ఫోథర్‌గిల్ సారథ్యంలో నడిచిన మైక్రోఎలక్ట్రానిక్స్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్ ప్రాంతాలవారీగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, పాఠాలకు పనికివచ్చే ప్రోగ్రాములు రాయించడం చేపట్టింది. యంత్రం, పాఠం, ఉపాధ్యాయుడు కాస్త ముందువెనుకలుగానైనా ఒకే దారిన బడికి చేరడం ఆ ఏర్పాటులోని గొప్పతనం.

అక్కడ కూడా అన్నీ సవ్యంగా జరిగాయని ఈ యంత్రం చెప్పబోదు. 11వ శతాబ్దపు భూముల సర్వేకు 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో వెలువడిన డోమ్స్‌డే ప్రాజెక్టు కోసం వేలాది బడుల పిల్లలు తమ ఊళ్ళ వివరాలు రాసి, ఫొటోలు తీసి పంపారు. అవన్నీ లేజర్ డిస్కుల్లోకి ఎక్కాయి గాని, ఆ డిస్కులను చూపించే పరికరాల ధర చాలా బడులకు అందనంత ఎత్తులో ఉండడంతో, రాసిన పిల్లల్లో ఎందరికో తాము రాసినది తెరమీద చూసుకునే భాగ్యం కలగలేదు. పిల్లలచేత పని చేయించుకునే ప్రణాళికలో ఆ పిల్లలు ఫలితాన్ని చూసే దారి కూడా ఉండాలన్నది చిన్న విషయం కాదు.

యంత్రం ఒళ్ళు గురించి కొంత చెప్పనిదే తరువాతి కథ బోధపడదు. మీగడ రంగు పెట్టె, నల్లటి మీటలు, పైవరుసలో పది ఎర్ర మీటలు, లోపల 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసరు, 32 కిలోబైట్ల ర్యామ్ దీని సంపద. ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపే నిలిచే జ్ఞాపకం, కరెంటు పోగానే అందులోది మాయమవుతుంది. ర్యామ్‌కు తోబుట్టువైన రోమ్ మాత్రం కరెంటుతో నిమిత్తం లేకుండా నిలిచే జ్ఞాపకం, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష అందులోనే ఉంటుంది. హార్డ్ డిస్కు లేదు గనుక, టేపుమీదకో ఫ్లాపీ మీదకో ఎక్కించుకోని పని ఏదైనా కరెంటు ఉన్నంతవరకే. స్విచ్చి వేయగానే రెండు స్వరాల చిన్న కూత కూసి, తెరమీద పేరు చూపి, ఆజ్ఞ కోసం ఎదురుచూడడం ఈ జాతి అలవాటు. ఇందుకు వేరే సన్నాహం అక్కర్లేదు, మీట నొక్కిన పిల్లవాడు ఆ క్షణంలోనే ప్రోగ్రాము రాయవచ్చు. నేటి యంత్రాలు ఎంత శక్తిమంతమైనవైనా ఈ ఒక్క సుగుణాన్ని పోగొట్టుకున్నాయని ఈ యంత్రం నిండుమనసుతో నమ్ముతుంది.

భారతదేశానికి ఈ జాతి వచ్చింది క్లాస్ అనే పథకం ద్వారా. పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యతకు, అధ్యయనానికి ఉద్దేశించిన ఈ పథకాన్ని కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి 1984–85లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాయి. ఉపాధ్యాయ శిక్షణలో ఎన్‌సీఈఆర్‌టీ పాలుపంచుకుంది, ఇంజినీరింగు కళాశాలల వంటి చోట్ల వనరుల కేంద్రాలు వెలిశాయి. కొంతకాలానికి మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఈ నమూనానే దేశంలో తయారుచేసింది. 1990–91 నాటికి మొత్తం సుమారు 12,000 యంత్రాలు 2,598 పాఠశాలలకు చేరాయి, అంటే సగటున బడికి అయిదు కూడా లేవు. యాభైమంది ఉన్న తరగతిని ఆ అయిదింటి ముందు కూర్చోబెడితే ఒక్కోదాని చుట్టూ పదిమంది చేరతారు. నలభై అయిదు నిమిషాల పీరియడులో తాళం తీయడం, వరుసలు సర్దడం పోగా ఒక్కొక్క పిల్లకు మీటల మీద వేళ్ళు ఆనించడానికి మిగిలేది మూడు నాలుగు నిమిషాలు. ఇంత చిన్న లెక్కను ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఎవరో ఒకరు ముందే కాగితంమీద వేసి ఉంటే, పరీక్షలో లేని ఈ సబ్జెక్టుకు టైంటేబుల్లో చోటెక్కడ అన్న ప్రశ్న కూడా ముందే లేచేది.

ఈ యంత్రం చేరిన బడిలో దానికి దక్కిన చోటు హెడ్మాస్టరుగారి గది పక్కనున్న స్టోరు గది. ఖరీదైన ప్రభుత్వ ఆస్తి అని కిటికీలకు ఇనుప ఊచలు బిగించి, తలుపుకు రెండు తాళాలు వేశారు. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోతే జీతంలో కోత పడుతుందన్న భయం నిజమైనది గనుక ఆ తాళాలు వేసినవారిని ఈ యంత్రం తప్పుపట్టదు; వాడి అరగగొట్టినా పరవాలేదు, వాడకపోతేనే సంజాయిషీ ఇవ్వాలి అనే ఉత్తర్వు ఒక్కటి పైనుంచి వచ్చి ఉంటే ఆ తాళాలు వాటంతటవే ఊడేవి. బస్తీ బడుల సంగతి ఏమో గాని ఆ ఊళ్ళో కరెంటు మధ్యాహ్నం వేళ పోతూ వస్తూ ఉండేది, పోయినప్పుడల్లా పిల్లలు అరగంటనుంచి కొట్టిన ప్రోగ్రాము ర్యామ్‌తోపాటు తుడిచిపెట్టుకుపోయేది.

అయినా ఆ గదిలో మంచి రోజులు ఉన్నాయి. కొద్ది వారాల శిక్షణ పొంది వచ్చిన లెక్కల మాస్టారు, తెరమీద ఇంగ్లీషు తప్ప మరొకటి రాదని పిల్లలు చిన్నబోవడం చూసి, కొత్త అక్షరాన్ని తయారుచేసుకోవడానికి ఈ యంత్రంలో ఉన్న ఒక ఆజ్ఞను పట్టుకున్నారు. వీడీయూ 23 అనే ఆ ఆజ్ఞ పద్ధతి ఇది: అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది గడులున్న చదరంలో వెలగవలసిన గడులను నింపి, ఒక్కొక్క వరుసను 0 నుంచి 255 వరకు ఉండే సంఖ్యగా మార్చి, ఆ ఎనిమిది సంఖ్యలను యంత్రానికి చెబితే ఆ బొమ్మ ఒక అక్షరమైపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు గ్రాఫ్ నోటుబుక్కుల్లో పెన్సిలుతో తెలుగు అక్షరాలు గీసి, వరుసలను సంఖ్యలుగా కూడుకొనే క్రమంలో, పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని ద్విసంఖ్యామానాన్ని, అంటే సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో లెక్కించే పద్ధతిని, తమకు తామే ఒంటబట్టించుకున్నారు. ఒక్క చదరంలో ‘క్ష’ పట్టక నాలుగు చదరాలను కలిపి గీసిన అమ్మాయి, “మాస్టారండీ, ఒత్తు కిందికి జారిపోతోందండీ” అంటూ మూడు మధ్యాహ్నాలు దానితోనే కుస్తీ పట్టి చివరకు నిలబెట్టింది. ఇది ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు, ఏ అధికారీ చెప్పలేదు. తాళంచెవి, తీరిక, చొరవ ఒకే మనిషి దగ్గర ఉండడంవల్ల జరిగింది. బడిలో సాంకేతిక నాయకత్వం అన్నప్పుడు ఈ యంత్రానికి తోచే మొదటి ముఖం ఏ మంత్రిదీ కాదు, ఆ మాస్టారిదే.

ఆయనకు బదిలీ అయింది. బల్లలు, పటాలు, ప్రయోగశాల సీసాలతోపాటు అయిదు కంప్యూటర్లను కూడా తరువాతివారికి చార్జి అప్పగించి, జాబితాకింద సంతకం పెట్టి వెళ్ళారు. వీడీయూ 23 మాత్రం ఆ జాబితాలో లేదు. నేర్చిన మనిషి కదిలిపోతే ఆ నేర్పు బడిలోనే మిగిలేలా మరొకరిని పక్కన ఉంచి తయారుచేయడం ప్రణాళికలో ఉండవలసిన పని, అది ఎవరి విధుల్లోనూ రాసి లేదు. ఆ తరువాత ఒక వానాకాలంలో ఈ యంత్రం వెనుక భాగంనుంచి ఘాటైన తెల్లటి పొగ వచ్చింది. కరెంటులోని రొదను వడగట్టే కెపాసిటర్ అనే చిన్న భాగం ఈ జాతిలో ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళు బారి, గాలిలోని తేమ పీల్చి, ఒకరోజు ఇలా పొగ చిమ్మి మాడిపోతుంది. చూసేవారికి భయం గొలిపినా అది ప్రాణాపాయం కాదు, ఆ భాగాన్ని మార్చిన యంత్రం యథావిధిగా నడుస్తుంది. రేడియో బాగుచేసే మనిషి మార్చగలిగే ఆ వస్తువుకోసం పైకి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు, స్థానికంగా ఖర్చుపెట్టే అధికారం హెడ్మాస్టరుకు లేదు. రిజిస్టరులో ఎర్ర సిరాతో ‘పనిచేయదు’ అని పడింది, కొన్నేళ్ళకు కండెమ్ చేశారు.

ఈ లోటును పాలకులు గుర్తించలేదని అనలేం. 1993లో క్లాస్ కేంద్ర ప్రాయోజిత పథకంగా మారినప్పుడు కొత్త బడులకు యంత్రాల కొనుగోలుకు ఒకసారి లక్ష రూపాయలు, నిర్వహణకు ఏటా 80,000 రూపాయలు అన్న విభజన వచ్చింది. 2004 డిసెంబరులో దాని స్థానంలో ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకం వచ్చింది, 2010లో దాన్ని సవరించారు, ఇప్పుడది సమగ్ర శిక్షలో భాగం. కొనుగోలు ఖర్చు కంటె ఏటేటా పెట్టే ఖర్చే బడిని నడిపిస్తుందన్న ఎరుక ఈ క్రమంలో మెల్లగా బలపడింది.

కేరళ ఈ ఎరుకను ముందుగానే ఆచరణలో పెట్టింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు బడి ఉపాధ్యాయుల్లోంచే మాస్టర్ ట్రైనర్లను ఎంచి మిగతావారికి నేర్పించింది, లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును మలయాళంలో పిల్లల ముందుంచింది, పదో తరగతి పరీక్షలో ఐటీకి చోటిచ్చింది; 2017లో కైట్ పేరుతో ప్రభుత్వ సంస్థగా మారాక, లిటిల్ కైట్స్ సంఘాల ద్వారా యంత్రాల సంరక్షణలో పిల్లలనే భాగస్వాములను చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చినప్పుడు నడిచిన దారి వేరు: ప్రైవేటు సంస్థలు అయిదేళ్ళపాటు యంత్రాలనూ బోధకులనూ సమకూర్చి, గడువు తీరాక యంత్రాలను బడికి అప్పగించే ఒప్పందం అది. బోధకులు బడి ఉద్యోగులు కారు గనుక అప్పగింతలో యంత్రాలు మిగిలాయి, మనుషులు మిగలలేదు.

ఫర్బర్, విల్సన్ ఆ తరువాత రూపొందించిన ఆర్మ్ ప్రాసెసరును 1985లో తొలిసారి ఒక బీబీసీ మైక్రోకు తగిలించే నడిపి చూశారు. నేటి సెల్‌ఫోన్లలో, ట్యాబ్‌లలో ఆ వంశమే వర్ధిల్లుతోంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠాలు ముందే ఎక్కించిన ట్యాబ్‌లను సుమారు 4.6 లక్షల మంది ఎనిమిదో తరగతి పిల్లలకు, 59 వేల మంది ఉపాధ్యాయులకు ఇచ్చింది. ఒక్కో యంత్రం చుట్టూ పదిమంది మూగిన కాలంనుంచి ఒక్కొక్కరికి ఒకటి దక్కే కాలం వచ్చినందుకు ఈ యంత్రానికి పట్టలేని సంతోషం. అయితే తెర పగిలితే బాగుచేయడానికి మండలంలో ఎవరున్నారు, బ్యాటరీ ఉబ్బితే ఏ పద్దుకింద మారుస్తారు, అందులో చూడడమే తప్ప పిల్లలు తమంతట తాము తయారుచేసేది ఏమిటి, బదిలీపై వెళ్ళే ఉపాధ్యాయుడు తాను నేర్చినది ఎవరికి అప్పగించి వెళ్ళాలి అన్న నాలుగు ప్రశ్నలకు ప్రతి హెడ్మాస్టరు దగ్గరా రాతపూర్వకమైన జవాబు ఉండాలని, ఆ జవాబును అమలుచేసే డబ్బూ అధికారమూ ఆయన చేతిలోనే ఉండాలని ఈ యంత్రం కోరుతోంది.