కండువాకు శాలరీ క్యాప్ లేదు

ఇస్నాపూర్ చౌరస్తాలో తెల్లారగానే నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు, ఫస్ట్ షిఫ్ట్ ఎక్కేవాళ్లు ఒకే హోటల్ ముందు కలుస్తారు. ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్: "షాకింగ్! ఉమ్మడి మెదక్‌లో కీలక నేత జంప్?" ఆ చివరి ప్రశ్నార్థకమే ఛానల్‌కు అన్నం పెడుతుంది. సాయంత్రానికి సదరు నేత ఖండిస్తారు. ఖండించినందుకు ఇంకో వీడియో. పాశమైలారం కంపెనీలో తన షిఫ్టు తాను మార్పించుకోలేని కాంట్రాక్టు కార్మికుడు కూడా ఇక్కడ ఎమ్మెల్యేల బదిలీకి ముహూర్తం పెట్టేస్తాడు. "రాసిపెట్టుకో అన్నా, దసరా లోపల కండువా మారుతది."

ఈ వినోదం మనకొక్కరికే దక్కిందనుకోనక్కర్లేదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆట కన్నా బదిలీ పుకార్లకే గిరాకీ ఎక్కువ. ఫలానా సూపర్‌స్టార్ అలిగాడట, ఫలానా జట్టు కన్నేసిందట అని ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, 2025 ఫిబ్రవరి 1 రాత్రి డాలస్ మావరిక్స్ జట్టు తన లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నప్పుడు మాత్రం ఒక్క 'విశ్వసనీయ వర్గానికీ' ముందస్తు సమాచారం లేదు. అంతకు ఎనిమిది నెలల ముందే డాంచిచ్ ఆ జట్టును ఫైనల్ దాకా మోసుకెళ్లాడు. వయసు పాతికేళ్లు. అభిమానులు స్టేడియం ముందు శవపేటిక పెట్టి మరీ ఏడ్చారు. బేరం కుదిర్చిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తీసేయాలని మ్యాచ్ మ్యాచ్‌కూ నినాదాలు చేశారు. నవంబరులో యాజమాన్యం ఆయన్ను ఇంటికి పంపింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉన్న మన తెలుగు పిల్లలు ఆ రాత్రి సంగారెడ్డిలోని అమ్మానాన్నలకు ఫోను చేసి ఉంటే చక్కగా ఓదార్చేవారు. ఈ బాధలో వాళ్లు చాలా సీనియర్లు.

అంత సీనియారిటీ ఎక్కడిదంటే, 2023 శాసనసభ ఎన్నికల్లో పటాన్‌చెరు సంగతి చూడాలి. నీలం మధు ముదిరాజ్ బీఆర్ఎస్ టికెట్టు ఆశించారు, రాలేదు. కాంగ్రెస్‌లో చేరారు. కాంగ్రెస్ జాబితాలో ఆయన పేరు వచ్చింది కూడా. స్వీట్లు పంచుకున్నవాళ్ల నోరింకా తియ్యగా ఉండగానే తుది జాబితాలో ఆ పేరు ఎగిరిపోయి, కాటా శ్రీనివాస్ గౌడ్ పేరు వాలింది. మధు ఏనుగెక్కి బీఎస్పీ నుంచి బరిలో దిగి 40 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. కాటా శ్రీనివాస్ గౌడ్ సుమారు 7 వేల ఓట్ల తేడాతో ఓడారు. బీఆర్ఎస్ అభ్యర్థి గూడెం మహిపాల్ రెడ్డి వరుసగా మూడోసారి గెలిచారు.

ఇక్కడితో ఆగితే అది ఎన్నిక. ఆగలేదు. కొద్ది నెలలకే మధు మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి మెదక్ లోక్‌సభ టికెట్టు తెచ్చుకున్నారు, బీజేపీ అభ్యర్థి రఘునందన్ రావు చేతిలో ఓడారు. 2024 జూలైలో మహిపాల్ రెడ్డి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. అంటే, ఏడాది తిరక్కముందే మొదటి మూడు స్థానాల్లో నిలిచిన ముగ్గురూ ఒకే గూటిలో! 2016లో కెవిన్ డ్యూరాంట్ తనను ఓడించిన గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లోనే చేరినప్పుడు అమెరికా అంతా ఇదేం న్యాయమని గగ్గోలు పెట్టింది. ఓడినవాడు గెలిచిన జట్టులో చేరితేనే అంత గోల. గెలిచినవారు, ఓడినవారు, ఓడించినవారు ముగ్గురూ ఒకే బెంచీ మీద సర్దుకు కూర్చునే సూపర్ టీమ్ వాళ్ల ఊహకు కూడా అందలేదు.

సూపర్ టీమ్‌కు ఉండే తలనొప్పులు దీనికీ వచ్చాయి. బంతి ఒకటే, ఆడేవాళ్లు ముగ్గురు. 2025 జనవరిలో మహిపాల్ రెడ్డి క్యాంపు ఆఫీసులో ముఖ్యమంత్రి ఫొటో లేదంటూ కాంగ్రెస్ కార్యకర్తలే ఆందోళనకు దిగారు. ఇలాంటి రోజుల్లో అందరికన్నా ముందు అర్థం కావాల్సింది ఫ్లెక్సీ కొట్టేవాడికి. కంప్యూటర్లో నాయకుడి నమస్కారం ఫొటో పాతదే, వెనక గులాబీ రంగు తీసి మూడు రంగులు నింపాలి, పైన వరుసలో గుండ్రాల్లో ఉండే పెద్దల తలకాయలు మార్చాలి. పాత ఫైలు మాత్రం డిలీట్ చేయకూడదు. ఆ వృత్తిలో అనుభవమంటే అదే.

పక్కనున్న సంగారెడ్డిది ఇంకో రకం ముచ్చట. జగ్గారెడ్డి 2004లో టీఆర్ఎస్ (నేటి బీఆర్ఎస్) నుంచి, 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2014 మెదక్ లోక్‌సభ ఉప ఎన్నికలో బీజేపీ అభ్యర్థి. మరుసటి ఏడాది మళ్లీ కాంగ్రెస్, 2018లో గెలుపు. ఆ తర్వాత అయిదేళ్లూ ఆయన టీఆర్ఎస్ కారెక్కుతున్నారన్న వార్త ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. 2022 ఫిబ్రవరిలో పార్టీ వీడతానంటూ సోనియా గాంధీకి లేఖ రాసేదాకా పోయింది. వీడలేదు. 2023లో కాంగ్రెస్ అభ్యర్థిగానే పోటీ చేసి, రాష్ట్రంలో తమ పార్టీ గెలిచిన ఎన్నికలో తాను బీఆర్ఎస్ అభ్యర్థి చింతా ప్రభాకర్ చేతిలో ఓడారు. పుకార్లు అయిదేళ్లు పరిగెత్తాయి, మనిషి ఉన్నచోటే ఉన్నాడు. ఆ వీడియోలు చేసినవాళ్లు తప్పయిందని ఇంకో వీడియో పెట్టినట్టు లేదు.

పెద్ద ఆటగాడు ఒకడొస్తే జట్టు జాతకం మారిపోతుందన్నది పుకార్ల వ్యాపారానికి పెట్టుబడి. ఆ నమ్మకం సంగతి కబడ్డీ అభిమానులను అడగాలి. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్నది. అప్పటికి ప్రో కబడ్డీలో అదే రికార్డు ధర. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి రెండు గెలిచి, 12 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. 2025లో పవన్ వేరే జట్టుకు పోయాక అదే టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద దాకా వెళ్లింది. తలుపు దగ్గర హారతి పట్టడంలో ఉన్న శ్రద్ధ తక్కిన ఆరుగురి మీద కూడా ఉండాలని కోచ్‌లకు తెలుసు. పార్టీలకు తెలిసినా చేయరు. ఎందుకంటే వాళ్లకు కావాల్సింది మన జట్టు బాగుపడటం కాదు, ఎదుటి జట్టు ఖాళీ కావడం.

ఆ పనిలో తెలంగాణ పార్టీలన్నీ దిట్టలే. 2014లో టీడీపీ నుంచి 15 మంది గెలిస్తే 2016 నాటికి 12 మంది టీఆర్ఎస్ లెక్కలో పడ్డారు. తలసాని శ్రీనివాస్ యాదవ్ టీడీపీ టికెట్టు మీద గెలిచి 2014 డిసెంబరులోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2018లో 119 సీట్లకు 88 గెలిచిన పార్టీకి అదీ చాలలేదు. 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది విలీనమయ్యారు, ఏడుగురున్న మజ్లిస్ సభలో రెండో పెద్ద పార్టీ అయి కూర్చుంది. అప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని ధర్నా చేసిన కాంగ్రెస్, 2023లో 64 సీట్లతో గెలిచి, 39 గెలిచిన బీఆర్ఎస్ నుంచి పది మందికి స్వాగతం పలికింది. ఖూనీ అన్న మాట ఇప్పుడు బీఆర్ఎస్ అంటోంది. ఫ్లెక్సీ ఫైలులాగే ధర్నా ప్రసంగం కూడా పాతదే, పేర్లు మార్చారు. దానం నాగేందర్ అయితే బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. ఒక జట్టు జెర్సీ విప్పకుండానే ఇంకో జట్టు తరఫున మ్యాచ్ ఆడే వెసులుబాటు ఎన్‌బీఏలో ఎంత సూపర్‌స్టార్‌కైనా లేదు.

అక్కడ ఉన్నది, ఇక్కడ లేనిది కూడా ఒకటి ఉంది. ఎన్‌బీఏలో ఆటగాణ్ని బేరంలో తీసుకుంటే బదులు ఇవ్వాలి. జీతాల లెక్క సరిపోవాలి, 'శాలరీ క్యాప్' అనే ఖర్చు హద్దు ఉంటుంది. 2023 ఒప్పందం తర్వాత ఖర్చులో హద్దు మీద హద్దు దాటిన సంపన్న జట్లు ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోవడం కూడా కుదరదు. అదొక్కటే కారణం కాదుగానీ, 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు కప్పు కొట్టాయి. మన దగ్గర నియమం తిరగబడి ఉంటుంది. 1985లో తెచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం మొదట మూడింట ఒక వంతు మంది కలిసి పోతే 'చీలిక' అని వదిలేసింది. 2003లో దాన్ని తీసేశారు, మూడింట రెండొంతుల మంది కలిసే 'విలీనం' మిగిలింది. ఒక్కడు దూకితే నేరం, గుంపుగా దూకితే నియమం. అమెరికాలో గుంపు బేరాన్ని సంపన్నులకు నిషేధించారు, ఇక్కడ గుంపు బేరానికే రక్షణ. పైగా పోగొట్టుకున్న పార్టీకి బదులుగా ఎవరూ రారు. డాలస్‌కు కనీసం ఆంథొనీ డేవిస్ వచ్చాడు.

రిఫరీ విషయంలో మాత్రం ఇద్దరికీ ఒకే జబ్బు. 2011 డిసెంబరులో క్రిస్ పాల్‌ను న్యూ ఆర్లీన్స్ నుంచి లేకర్స్‌కు పంపే ఒప్పందాన్ని కమిషనర్ డేవిడ్ స్టెర్న్ కొట్టేశారు. తమాషా ఏమిటంటే అప్పటికి ఆ న్యూ ఆర్లీన్స్ జట్టు యజమాని లీగే. పక్షపాతమని నేటికీ తిట్టుకుంటారు. అయినా ఒప్పుకోవాల్సింది ఒకటుంది: ఆ నిర్ణయం గంటల్లో వచ్చింది, వారం తిరక్కముందే పాల్ క్లిప్పర్స్‌లో తేలాడు. మన దగ్గర 2024లో పడిన అనర్హత పిటిషన్ల మీద మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. డిసెంబరు 17న స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ అయిదుగురి మీద పిటిషన్లు కొట్టేశారు. అందులో పటాన్‌చెరు ఎమ్మెల్యే ఒకరు. పార్టీ మారినట్టు ఆధారాలు లేవన్నది తీర్పు సారం. నియోజకవర్గ అభివృద్ధి కోసమే ముఖ్యమంత్రిని కలిశామన్నది ఫిరాయింపు ఆరోపణ ఎదుర్కొన్న పలువురి వాదన. కాబట్టి ఇస్నాపూర్ హోటల్ ముందు ఇంతకాలం చర్చించుకున్నది జరగనే లేదు. కార్మికులు చూసిన ఆ కండువా వీడియోలో ఉన్నది ఏమై ఉంటుందో ఎవరికి తోచింది వారు అనుకోవచ్చు.

జట్టు మారడమే పాపమని అనలేం. ఈటల రాజేందర్ 2021లో రాజీనామా చేసి హుజూరాబాద్ జనం దగ్గరికి మళ్లీ వెళ్లారు, గెలిచారు. మరుసటి ఏడాది కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి మునుగోడులో అదే పని చేసి ఓడారు. ఇద్దరిదీ పద్ధతైన బేరమే, ధర నిర్ణయించింది ఓటరు. ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది, టోల్ కూడా లేదు, అయినా రద్దీ మాత్రం కనపడదు.

మళ్లీ శాసనసభ ఎన్నికలు 2028లో. బీహెచ్ఈఎల్ నుంచి సదాశివపేట దాకా ఉన్న ఓటర్లకు ఒక మనవి. ఇంటికొచ్చి చేతులు జోడించిన ప్రతి అభ్యర్థినీ ఒకటే అడగండి: "అన్నా, పార్టీ మారితే రాజీనామా చేసి మారతవా?" జవాబును ఫోనులో వీడియో తీసి, తేదీ కనపడేట్టు దాచి పెట్టండి. స్పీకర్ గారికి ఆధారాలు కావాలట.