చెయ్యి పట్టని బిందె

మా నాన్నగారికి ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. ప్రయాణం అనుకోగానే ముందు అది అటక దిగేది, ఆ తర్వాతే పెట్టెలూ మనుషులూ. మూత తిప్పి బిగిస్తే ఎడ్లబండి ఎంత కుదిపినా చుక్క కారేది కాదు. చిక్కల్లా దాని మూతితోనే. పెద్దవాళ్ల చెయ్యి అందులో దూరదు. అందుకని ముందురోజు సాయంత్రం నన్ను కేకేసేవారు. నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. చింతపండు గుజ్జు, కాస్త బూడిద, గుప్పెడు కొబ్బరిపీచు చేతికిచ్చి, "అడుగుదాకా తోము. తోమాక వేళ్లతో తడిమి చూడు. జిగురు తగిలితే మళ్లీ తోము" అనేవారు. తోమిన చెంబుని అరుగు మీద బోర్లించాలి. తెల్లారేసరికి లోపల పొడిగా ఉంటేనే అందులో నీళ్లు పోయడం. ఒక ఏడాది నా చెయ్యి మూతిలో ఇరుక్కుంది. ఆ రోజుతో ఆ ఉద్యోగం మా తమ్ముడికి బదిలీ అయింది.

కిందటి వేసవిలో మా అబ్బాయి డాలస్‌లో ఇల్లంత బండి ఒకటి అద్దెకి తెచ్చి ఇంటిముందు పెట్టాడు. మోటార్‌హోమ్ అట. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి, అన్నీ దాని పొట్టలోనే. మర్నాడు కాక ఎల్లుండి గ్రాండ్ కాన్యన్‌కి వెయ్యి మైళ్ల ప్రయాణం. మా ఆవిడ, కోడలు పరుపులు నొక్కి చూస్తున్నారు. మనవడు టీవీ ఎక్కడుందో వెతుకుతున్నాడు. నేను అడిగింది ఒక్కటే: "నీళ్లు ఎందులో ఉంటాయిరా?"

వాడు మంచం పలక ఎత్తి చూపించాడు. తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. నలభై గ్యాలన్లు, అంటే మన లెక్కలో నూట యాభై లీటర్లు. నీళ్లు లోపలికెళ్లే గొట్టం బొటనవేలి లావు. బయటికొచ్చేది చూపుడువేలి లావు. అంతే. చెయ్యి సంగతి దేవుడెరుగు, టార్చిలైటు వేసి చూద్దామన్నా సందు లేదు.

"దీన్నెప్పుడు కడిగారు?"

"క్లీన్‌గానే ఉంటుంది నాన్నా, వాళ్లు చూసే ఇస్తారు."

"ఎవరు చూశారు? ఎందులోంచి చూశారు?"

వాడు మాట్లాడలేదు. నేను ముప్పై అయిదేళ్లు మునిసిపాలిటీ నీళ్ల విభాగంలో పనిచేసినవాణ్ణని, ఈ ప్రశ్న ఒకసారి మొదలైతే ఆగదని వాడికి తెలుసు.

మా రోజుల్లో నీళ్లు అమృతంలా ఉండేవని నేను అనను. గోదావరి కాలువ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. వర్షాకాలం ఎర్రనీళ్లొస్తే బిందెలో పటిక తిప్పేవాళ్లు, లేదా చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువే గతి. తీర్థాలకి పోవాలంటే కలరా సూది పొడిపించుకోవాల్సి వచ్చేది, అది ఊరికే కాదు. నీళ్ల మీద ఎవరికీ నమ్మకం లేదు. ఆ నమ్మకం లేకపోవడమే మమ్మల్ని కాపాడింది. బిందెని రోజూ ఒంపేసేవాళ్లు, తోమేవాళ్లు, బోర్లించేవాళ్లు. నిన్నటి నీళ్లు తులసికోటకి. బిందె లోపలికి రోజుకొకసారి మనిషి చెయ్యి వెళ్లేది, పాచి పట్టిందో లేదో వేళ్లకి తెలిసేది.

ఇప్పుడు నీళ్లు బాగున్నాయి. డాలస్ కొళాయి నీళ్లు నేను తాగి చూశాను, పేరు పెట్టడానికి లేదు. కానీ ఆ నీళ్లని చెయ్యి పట్టని పెట్టెలో పోసి, ఎండలో నిలబెట్టి, వారం తాగుతారు. మునిసిపాలిటీ వేసిన క్లోరిన్ ఎల్లకాలం ఉండదు. మా పంపుహౌసులో ఒకటే సూత్రం: చివరి వీధి చివరి కొళాయిలో కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపుకి తిరగాలి. తిరగకపోతే ఆ వీధికి పరిగెత్తేవాళ్లం. ట్యాంకులో వేడెక్కి రోజులతరబడి నిలవున్న నీళ్లలో ఆ క్లోరిన్ తరిగిపోతుంది. అది పోయాక ప్లాస్టిక్ గోడలకి సన్నటి జిగురు పొర కడుతుంది. మా నాన్నగారు వేళ్లతో తడిమి చూడమన్నది దాన్నే.

మా అబ్బాయి దగ్గర దీనికో ఉపాయం ఉంది. నలభై బాటిళ్ల నీళ్ల కట్టలు మూడు తెచ్చి పెట్టాడు. "తాగడానికి ఇవి నాన్నా. ట్యాంకు నీళ్లు పైపనులకే." బియ్యం కడగడం, గ్లాసులు తొలవడం, పళ్లు తోముకోవడం పైపనులట. పుక్కిలించిన నీళ్లు నోట్లోకి కాక చెవిలోకి పోతాయా?

సాయంత్రం కోడలు బజారుకి వెళ్తుంటే బ్లీచింగ్ ద్రావణం తెమ్మన్నాను. బంగారు తల్లి, నిమ్మ వాసనది తెచ్చింది. "మంచి వాసన వస్తుందని తెచ్చాను మావయ్యగారూ" అంది. బట్టలకి బాగుంటుందమ్మా, మంచినీళ్ల ట్యాంకుకి పనికిరాదు అని వెనక్కి పంపాను. రెండోసారి చిందకుండా ఉండేలా చిక్కగా చేసినది వచ్చింది. అదీ వద్దు, అందులో చిక్కదనానికి వేరే రసాయనాలు కలుపుతారు. మూడోసారి నేనే వెళ్లాను. ఏ వాసనా, ఏ సొగసూ లేని మామూలు సీసా అన్నిటికన్నా కింద అరలో ఉంది, అన్నిటికన్నా చవక. సీసా మీద 6 శాతం అని రాసుంది, తయారైన తేదీ దగ్గరలోనే ఉంది. ఆ తేదీ చూడాలి. బ్లీచింగ్ సత్తువ నిలవుంటే చస్తుంది. మా గోడౌన్‌లో మూతి విప్పిన బ్లీచింగ్ పౌడరు బస్తాలు వానాకాలం గడిచేసరికి ఉత్త సున్నం అయిపోయేవి.

రసీదు వెనక లెక్క వేశాను. ఊరి బావికైతే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల పౌడరు చాలు. అది నీటికి వేసే మోతాదు. ఇప్పుడు కావలసింది పాత్రకి వేసే మోతాదు, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నూట యాభై లీటర్లకి నూట అరవై మిల్లీలీటర్లు వేస్తే లీటరుకి అరవై చిల్లర మిల్లీగ్రాముల క్లోరిన్ పడుతుంది. మనవడు ఫోన్ చూసి, "తాతయ్యా, పదిహేను గ్యాలన్లకి పావు కప్పు అని ఉంది ఇక్కడ" అన్నాడు. గుణించి చూస్తే సరిగ్గా నా లెక్కే. నాకు సంతోషం కలగాలి గానీ, ఎందుకో ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే పని మొదలెట్టాం.  ముందు వేడినీళ్ల కొళాయి తిప్పి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. కోడలు మొహం తిప్పుకుంది. చన్నీళ్ల కొళాయి తిప్పాను, వాసన లేదు. అంటే జబ్బు ట్యాంకులో కాదు, హీటరులో. హీటరు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, తుప్పు హీటరుకి పట్టకుండా తనే అరిగిపోవడం దాని పని. నీళ్లు కదలకుండా ఉంటే ఒకరకం సూక్ష్మజీవులు చేరి ఆ కంపు పుట్టిస్తాయి. అద్దెవాళ్లకి ఫోన్ చేసి, అనుమతి తీసుకుని, పాత నీళ్లు వదిలేసి, హీటరు ఆపి పూర్తిగా చల్లారాక కడ్డీ విప్పాం. వేడి మీద విప్పితే నీళ్లు మొహాన తంతాయి. పీల్చి పారేసిన చెరుకు ముక్కలా ఉంది కడ్డీ. దాని వెనకే తెల్లటి సున్నపు పెచ్చులు బొలబొల రాలాయి. మా అబ్బాయి ఆ పెచ్చులు అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

తర్వాత బొగ్గు ఫిల్టరు తీసేశాం. అది ఉంటే క్లోరినంతా అదే మింగుతుంది. బ్లీచింగుని ముందు బకెట్టు నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, పైన నిండా నీళ్లు పట్టాం. పంపు వేసి ఒక్కొక్క కొళాయి తిప్పుతూ పోయాను. వాసన తగిలేదాకా వదలాలి, తగలగానే కట్టాలి. వంటింట్లో చన్నీళ్లు, వేడినీళ్లు. స్నానాల గది. మరుగుదొడ్డి. "అయిపోయింది నాన్నా" అన్నాడు. బండి చుట్టూ తిరిగి చూస్తే వెనక చిన్న తలుపు చాటున ఇంకో షవర్ దొరికింది, బురద కాళ్లు కడుక్కోడానికట. ఎవరూ వాడని ఆ గొట్టంలోనే నీళ్లు నెలల తరబడి కూర్చుంటాయి. మా ఊళ్లో కూడా జబ్బులు ముందు చివరి వీధుల్లోనే పుట్టేవి.

నాలుగ్గంటలు చాలు. నేను రాత్రంతా ఉంచమన్నాను. తెల్లారి మొత్తం వదిలేసి, మంచినీళ్లతో రెండుసార్లు నింపి వదిలితే వాసన పోయింది. వాసన ఇంకా ఉందేమోనని కోడలు వెనిగర్ పోద్దామంది. బ్లీచింగూ వెనిగరూ కలిస్తే విషవాయువు లేస్తుందమ్మా అంటే సీసా అక్కడే పెట్టేసింది.

నింపడానికి మా అబ్బాయి తోటకి నీళ్లు పెట్టే ఆకుపచ్చ గొట్టం పట్టుకొచ్చాడు. వాసన చూడమన్నాను. టైరు వాసన. మంచినీళ్లకి తెల్ల గొట్టం వేరే ఉంటుంది, మురుగు తొట్టి కడిగే గొట్టం వేరే రంగుది. ఒకటి రెండోదాన్ని తగలకూడదు, ఒక అరలో పెట్టకూడదు. ఇది వింటూ మా ఆవిడ నవ్వింది. "మీ నాయనమ్మ మడి బిందె" అంది. నిజమే. ఆ బిందె ముట్టుకున్నానని చిన్నప్పుడు నన్ను వీధిలో నిలబెట్టేది. చాదస్తమని వెక్కిరించినవాణ్ణే. ఆ మడిలో మనుషుల్ని దూరం పెట్టిన పాపం ఉంది, దాన్ని వెనకేసుకు రాను. గొట్టాలకి మాత్రం మడి ఉండాల్సిందే.

దారిలోనే అది రుజువైంది. అమరిల్లో ఊరు దాటాక ఒక మజిలీలో, మురుగు వదిలే చోటికి నాలుగడుగుల్లో మంచినీళ్ల కొళాయి ఉంది. మా ముందు బండివాడు మురుగు గొట్టం కడుక్కోవాలని దాని మూతిని తీసుకెళ్లి సరిగ్గా ఆ మంచినీళ్ల కొళాయికే ఆనించాడు. కడిగాడు, దులిపాడు, మాకు నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. మా అబ్బాయి తెల్ల గొట్టం పట్టుకుని నా వైపు చూశాడు. మొదటిసారి, నేను చెప్పకుండానే, బ్లీచింగ్ నీళ్ల సీసా తెచ్చి కొళాయి మూతి తుడిచి, ఒక నిమిషం నీళ్లు వదిలి అప్పుడు తగిలించాడు.

గ్రాండ్ కాన్యన్ చూశాను. పెద్దది. అందరూ రాళ్ల రంగులు చూస్తుంటే నేను అక్కడి రేంజర్ని ఈ గట్టు మీదికి నీళ్లెలా వస్తున్నాయని అడిగాను. లోయకి అవతల, ఉత్తరపు అంచు కింద, రోరింగ్ స్ప్రింగ్స్ అని ఊట ఉందట. అక్కణ్ణించి పన్నెండున్నర మైళ్ల గొట్టం లోయలోకి దిగి, వేలాడే వంతెన మీదుగా కొలరాడో నదిని దాటి, ఇవతల హవాసుపాయ్ గార్డెన్స్ నుంచి పంపుల మీద మూడు వేల అడుగులు పైకెక్కుతుంది. 1960లలో వేసిన అల్యూమినియం గొట్టం, మాటిమాటికీ పగులుతుంటే ఇప్పుడు కొత్తది వేస్తున్నారు. ఆ పగిలిన గొట్టాలు అతికే ఫిట్టర్ల గురించి ఆలోచిస్తూ ఆ పూటంతా నిలబడిపోయాను. అంత కష్టపడి ఎక్కివచ్చిన నీళ్లని తెచ్చి పాచి పట్టిన పెట్టెలో పోసుకునేవాణ్ణి ఏమనాలి?

ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగితే మా మునిసిపాలిటీలో స్తంభం మీద తేదీ రాయించేవాళ్లం. మళ్లీ కడగవలసిన తేదీ కూడా. ఒక్కోసారి ట్యాంకు కడక్కుండా తేదీ ఒక్కటే కడిగి కొత్తది రాసిన సందర్భాలూ ఉన్నాయి, దాచడమెందుకు. అయినా, తప్పుడు తేదీ అయినా ఒకటి ఉండేది. ఈ బండి మీద ఎన్ని కాగితాలు అతికించారో, ఆ ఒక్క తేదీ లేదు.

తిరిగొచ్చాక బండి అప్పగించే రోజు. మా అబ్బాయికి తొందర, పన్నెండింటికల్లా ఇచ్చేయాలి. ట్యాంకులో నీళ్లు వదిలేశాం. ధార సన్నబడి ఆగిపోయింది. కానీ ట్యాంకు మీద తడితే అడుగున ఇంకా గలగల. నీళ్లు బయటికొచ్చే కంత అడుక్కంటా లేదు, అరంగుళం పైనుంది. ఆ అరంగుళం మడుగులోనే కదా మళ్లీ జిగురు పుట్టేది. బిందెని బోర్లించవచ్చు, దీన్నెవడు బోర్లిస్తాడు?

బండి ఎత్తుపల్లాలు సరిచేయడానికి పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మలు ఇచ్చారు. వాటిని ముందు చక్రాల కింద, ఒకదాని మీద ఒకటి పేర్చి, మా అబ్బాయిని ఎక్కించమన్నాను. బండి ముక్కెత్తి వెనక్కి ఒరిగింది. గొట్టంలోంచి మళ్లీ ధార మొదలైంది. రెండు చెంబుల నీళ్లు, అందులో చిటికెడు ఇసుక, గోరంత ప్లాస్టిక్ తురుము. ఎప్పుడో ఫ్యాక్టరీలో రంధ్రం చేసినప్పటిది కాబోలు. ఎదురింటి దొర కాఫీ కప్పుతో బయటికొచ్చి మమ్మల్నే చూస్తున్నాడు.

"ఇక దించనా నాన్నా?"

"ఉండు, ఇంకా కారుతోంది."