కాకి లెక్క

1940 సెప్టెంబరు 15, ఆదివారం. లండన్ మీదికి జర్మన్ బాంబర్లు రెండు విడతలుగా వచ్చిపోయాయి. బ్రిటన్ ఘనంగా ప్రకటించింది: ఇవాళ 185 విమానాలు కూల్చేశాం! యుద్ధం ముగిశాక జర్మన్ల సొంత రికార్డులు తిరగేస్తే తేలింది 60 దరిదాపుల్లో. మిగతావి ఎక్కడ కూలాయయ్యా అంటే, పేపర్లో.

పైలట్లు అబద్ధాలకోరులని కాదు లెండి. ఒకే బాంబరును ముగ్గురు తలో వైపు నుంచి కాలుస్తారు. అది కూలుతుంది. ముగ్గురూ దిగొచ్చి 'నాదే' అంటారు. ఒక్క శవానికి మూడు పాడెలు! జర్మన్ ఫైటర్ విమానం మెస్సర్‌ష్మిట్‌ది ఇంకో తమాషా. తప్పించుకోడానికి పూర్తి వేగంతో కిందికి దూకితే దాని ఇంజను నల్లపొగ కక్కుతుంది. పొగ కనిపించిందా, మనవాడి ఖాతాలో ఒకటి పడింది. మేఘాల చాటున ఆ 'చచ్చినవాడు' ఇంటికెళ్లి భోజనానికి కూర్చుంటాడు.

జర్మన్లు తక్కువ తిన్నారా? బ్రిటన్ దగ్గర ఫైటర్లు అడుగంటాయని వాళ్ల నిఘా విభాగం తేల్చేసింది. అది నమ్మి వచ్చినవాళ్లకు ఆ ఆదివారం లండన్ మీద ఐదు స్క్వాడ్రన్లు ఒక్కసారిగా ఎదురొచ్చాయి. 'అవిగో, ఆఖరి 50 స్పిట్‌ఫైర్లు' అని జర్మన్ వైమానికులే వెటకారమాడుకునేవారు.

బ్రిటన్ తన కాకి లెక్క జనానికి చెప్పింది. జర్మనీ తన కాకి లెక్క తానే నమ్మింది. రెండు రోజులకు, సెప్టెంబరు 17న, బ్రిటన్ మీద దండయాత్రను హిట్లర్ వాయిదా వేశాడు.