వంటమనిషికి బీరువా తాళాలు

మా ఆఫీసు గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు ఎవర్నీ నమ్మడు. ఏడేళ్లుగా రోజూ చూస్తున్న మొహమే అయినా, లాప్‌టాప్ సీరియల్ నంబరు రిజిస్టర్లో ఎక్కితే తప్ప లోపలికి వదలడు. రెండో మానిటర్ కావాలంటే మేనేజరు అప్రూవల్. పెన్‌డ్రైవ్ పెట్టుకోవాలంటే మేనేజరు గారి మేనేజరు అప్రూవల్. ఇంత కట్టుదిట్టమైన కోటలో మెడలో కార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఏవీ లేని ఒకే ఒక్క శాల్తీకి అన్ని గదుల తాళాలూ ఇచ్చి కూర్చున్నాం. దాని పేరు బిల్డ్ పైప్‌లైన్.

ఎరగని వారికి ఒక ముక్క. ఎవరైనా కోడ్ మార్చగానే దాన్ని తెచ్చుకుని, కంపైల్ చేసి, టెస్టులు నడిపి, ప్యాకేజీ కట్టే మరమనిషి అది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో అయితే ప్రతి పనికీ దాని చేతికి ఒక టోకెన్ ఇస్తారు. పని అయిపోగానే ఆ టోకెన్ చెల్లదు. టెస్టులు నడపడానికి కోడ్ చదవగలిగితే చాలు. మనం మాత్రం చదవడంతో పాటు మార్చడం, రిలీజు చేయడం, ప్యాకేజీ ఎక్కించడం అన్నీ కలిపి దానం చేస్తాం. కర్ణుడు మన టీమ్‌లో చేరి ఉంటే సిగ్గుపడి రాజీనామా ఇచ్చేవాడు.

ఎందుకిచ్చాం? శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. రిలీజు. బిల్డ్ ఎర్రబడింది. లాగ్‌లో 403, దాని పక్కన ‘రిసోర్స్ నాట్ యాక్సెసిబుల్ బై ఇంటిగ్రేషన్’. ఏ హక్కు తక్కువైందో వెతికితే పది నిమిషాల పని. కానీ బిర్యానీ చల్లారిపోతోంది. మా సీనియరు పైప్‌లైన్‌కు ఆదేశాలుండే యామల్ ఫైలు తెరిచి ‘పర్మిషన్స్: రైట్-ఆల్’ అని కొట్టి, పక్కనే ‘టెంపరరీ, తర్వాత తీసేయాలి’ అని కామెంటు పెట్టాడు. పచ్చ టిక్కు పడింది. చప్పట్లు కొట్టాం. ఆ టెంపరరీకి మొన్న సంక్రాంతికి మూడేళ్లు నిండాయి. ఈలోగా ఇంకో పదకొండు ప్రాజెక్టులు ఆ ఫైలును ఎత్తి రాసుకున్నాయి, కామెంటుతో సహా.

మా అమ్మమ్మకు కంప్యూటరంటే తెలీదు. బొడ్లో తాళాల గుత్తి మాత్రం ఉండేది. పెళ్లికి వంటవాళ్లొస్తే కొట్టుగది తనే తెరిచి, కందిపప్పు కొలిచి పోసి, మళ్లీ తాళం వేసేది. “వంటాయన మంచివాడే కదా అమ్మమ్మా” అంటే, “మంచివాడేరా. వాడి వెనకాల ఎవరొస్తున్నారో వాడికి మాత్రం ఏం తెలుసు?” అనేది.

2025 మార్చిలో ప్రపంచమంతా నేర్చుకున్న పాఠం సరిగ్గా ఇదే. స్పాట్‌బగ్స్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులో ఒక వర్క్‌ఫ్లోకి ఒకరి వ్యక్తిగత టోకెన్ అప్పజెప్పారు. దారిన పోయేవాడు పంపిన మార్పును కూడా ఇంటివాళ్ల రహస్యాలతో నడిపించే వెసులుబాటు ఒకటుంది, దాని పేరు ‘పుల్ రిక్వెస్ట్ టార్గెట్’. ఆ సందులోంచి టోకెన్ చేజారింది. దాంతో లోపలికి చొరబడిన దొంగలు అక్కడున్న ఇంకొకరి టోకెన్ కూడా కాజేశారు. ఆ రెండో తాళంచెవి రివ్యూడాగ్ అనే మరో ప్రాజెక్టు తలుపుకూ పట్టింది. రివ్యూడాగ్ తలుపు తెరుచుకోగానే టీజే-యాక్షన్స్ వారి ‘చేంజ్డ్-ఫైల్స్’ గుట్టు దొరికింది. దాని పాత వెర్షన్ల ట్యాగులను కూడా దొంగ కోడ్ వైపు తిప్పేశారు. ఏ ఫైళ్లు మారాయో చెప్పడమే ఆ పరికరం పని. దాన్ని వాడుతున్న రిపోలు 23,000 పైచిలుకు. అది నడిచిన చోటల్లా మెమరీలోని రహస్యాలను తోడి లాగ్‌లో కక్కింది. పబ్లిక్ రిపో అయితే ఆ లాగ్ ఊరందరికీ కనిపిస్తుంది. వాకిట్లో ఎండబెట్టిన వడియాలకైనా కాకుల్ని తోలేవాళ్లుంటారు, వీటికి వాళ్లూ లేరు.

హక్కులు కుదిస్తే దొంగలు రారా? వస్తారు. వచ్చినవాడికి పప్పు డబ్బా దొరకడానికీ, బీరువా దొరకడానికీ తేడా ఉంది. ఆ తేడాకయ్యే ఖర్చు రెండు లైన్లు: ‘పర్మిషన్స్’, దాని కింద ‘కంటెంట్స్: రీడ్’. ఒక్క హక్కును పేరు పెట్టి రాస్తే, రాయనివన్నీ వాటంతటవే మూసుకుంటాయి. రిలీజుకు రాసే హక్కు కావాలా? ఆ ఒక్క జాబ్‌కే ఇవ్వండి. బయటి యాక్షన్‌ను ట్యాగు పేరుతో కాకుండా నలభై అక్షరాల కమిట్ నంబరుతో కట్టేయండి, ట్యాగు తిరిగినా మనం తిరగం. ఈ ‘పర్మిషన్స్’ కళ్లెం 2021 నుంచీ ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి గిట్‌హబ్ కొత్తవాళ్లకు చదివే హక్కే డీఫాల్టు చేసింది. పాతకాపుల జోలికి మాత్రం పోలేదు. అత్తవారింట్లో రూల్సన్నీ కొత్త కోడలికే కదా.

“మాది చిన్న కంపెనీ, మనకేముంది పోవడానికి?” అంటారు కొందరు. ఏమీ లేని ఇంటికి గేటు దగ్గర ఆ గార్డెందుకు, ఆ రిజిస్టరెందుకు?

చివరికి పోయిన నెల నేనే నడుం బిగించాను. ‘రైట్-ఆల్’ కొట్టేసి, ‘రీడ్’ రాసి రివ్యూకి పంపాను. మొదటి జవాబు: “బ్లాకర్ కాదు కదా, నెక్స్ట్ స్ప్రింట్‌లో చూద్దాం.” రెండోది: “రిస్క్ అసెస్‌మెంట్ జతచేయగలరు.” మూడోది మా సీనియరుది: “ఏదైనా ఆగిపోతే బాధ్యతెవరిది? ముగ్గురి అప్రూవల్ తీసుకో.”

హక్కులిచ్చిన రాత్రి మమ్మల్ని ఎవరూ అడ్డుకోలేదు, చల్లారిపోతున్న బిర్యానీ తొందరపెట్టిందంతే. తీసేయడానికి ముగ్గురి సంతకాలు కావాలట. పైప్‌లైన్‌కు మాత్రం ఇప్పటికీ ఎవరి సంతకమూ అక్కర్లేదు. నా మార్పును అదే తెచ్చుకుంది, అదే టెస్టు చేసింది, పచ్చ టిక్కు పెట్టింది. మా ఆఫీసులో ఆ మార్పుకు అభ్యంతరం చెప్పనిది అదొక్కటే.