ప్రొద్దుటూరు ర-వత్తును

నేను సీసపు అచ్చక్షరాన్ని. సీసం, తగరం, ఆంటిమొనీ కరిగించి పోస్తే పుట్టినాను. నా మొహాన ఉండేది ర-వత్తు. పండితులు క్రావడి అంటారు. ప్రొద్దుటూరు అచ్చాఫీసులో, వత్తుల గడిలో నా కాపురం. నగల దుకాణం రసీదు కానీ, పెళ్లి పత్రిక కానీ, ఊరి పేరు పడాలంటే నేను లేవాల్సిందే. కంపోజిటరు కళ్లు కాగితం మీదే ఉండేవి, వేళ్లు మాత్రం నన్ను తడిమి పట్టేవి.

ఒకనాడు ప్రూఫు చూసి ఒక రైతు అడిగినాడు: "అన్నా, మేం పొద్దుటూరంటాం గదా, ఈ కొక్కెం యాల?"

"మన పెద్దోళ్లు అట్ల పలికినారబ్బీ."

నిజమే పలికినారు. అంతకు ముందు తాతలు మాత్రం మాట మొదట రెండు హల్లులు కలిపేవాళ్లు కారు. తమిళంలో ఇప్పటికీ మరం, విరల్, పొఴుదు. తెలుగు నాలుక నడిమి హల్లును ముందుకు లాగి మొదటి హల్లుకు అతికించింది: మ్రాను, వ్రేలు, ప్రొద్దు. ఆ పొఴుదులోని ఴ ఈ సీమలోని రేనాటి చోళుల పాత రాళ్ల మీద ఉంది. ఆ చోళుల్లో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో ఇక్కడికి దగ్గరలోని కలమళ్లలో వేయించింది ఇప్పటికి దొరికిన తొలి తెలుగు శాసనం. తర్వాత ఆ అక్షరం మన లిపిలోంచే పోయింది. ప్రొద్దులో మాత్రం నా రూపాన నిలిచింది.

ఆనక నాలుక నన్నూ వదిలింది. మాను, వేలు, పొద్దు. త్రాడు తాడైంది, గ్రుడ్డు గుడ్డయింది. ఇది పల్లెటూరి నాలుక బద్ధకం కాదు, వరస తప్పని మార్పు. ఫిన్లాండు వాళ్ల సొంత మాటలకూ మొదట జంట హల్లులు లేవు. స్వీడిష్ నుంచి తెచ్చుకున్న స్కూలు మాటలో 'స్' వదిలేసి 'కోఉలు' అన్నారు. మన పల్లెల్లో ముందు 'ఇ' చేర్చి ఇస్కూలు అన్నారు.

'పొద్దు' అని రాసినందుకు బడిలో ఎర్రగీత పడిందని కంపోజిటరు కొడుకు ఒకరోజు ఏడుస్తా వచ్చినాడు. తండ్రి నన్ను వాడి అరచేతిలో పెట్టినాడు. "ఇది లేకున్నా తప్పు గాదు నాయనా. ఉంటే మాత్రం యాడిదో తెలుసుకో." సిరా అంటిన ఆ చెయ్యి మెల్లగా మూసుకుంది.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చినాయి, నా అక్షరాల పెట్టె అటక ఎక్కింది. కింద కండక్టరు "పొద్దుటూరు, పొద్దుటూరు" అని నేను లేకుండానే పిలుస్తాడు. బస్సు బోర్డు మీద మాత్రం నేనుంటాను. నేనున్నంత కాలం, ఆ పాత రాళ్ల మీది ఴ కూడా ఈ ఊరి పేరులో ఉన్నట్టే.